సిబ్బంది వార్తల సంచికలో ఎప్పుడూ అవే పేర్లు వస్తున్నాయి, దీన్ని ఎలా సరిదిద్దాలి?

ప్రశ్న (సంచిక బాధ్యతలు చూసే ఉద్యోగి)

అందరికీ నమస్కారం. నేను ఒక సామాజిక ఆరోగ్య సంస్థలో పరిపాలన విభాగంలో పనిచేస్తున్నాను. మాది పెద్ద ఆసుపత్రి కాదు. ఇళ్ళకు వెళ్ళి చికిత్స అందించే నర్సులు, టీకాల బృందం, చిన్న ప్రయోగశాల, మందుల పంపిణీ, ఫోన్‌లో సలహాలిచ్చే విభాగం, అన్నీ కలిపి సుమారు రెండు వందల మందిమి ఉంటాం. నెలనెలా సిబ్బంది వార్తల సంచికను తయారుచేసే పని రెండేళ్ళుగా నాది. కొత్తగా చేరినవారు, పదవీ విరమణ చేసినవారు, పరీక్షలు ప్యాసై కొత్త అర్హత సంపాదించినవారు, చివరి పేజీలో 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి', ఇవీ అందులో ఉండే శీర్షికలు.

ఈ మధ్య ఒక రోజు పాత సంచికలన్నీ ముందేసుకొని చివరి పేజీలు మాత్రమే వరుసగా చూశాను. ఎంపికైనవారిలో ఎక్కువమంది ప్రధాన కార్యాలయం ఉన్న భవనంలో కూర్చొని పనిచేసేవారే. ఇళ్ళకు తిరిగే నర్సులు అక్కడొకరు ఇక్కడొకరు కనిపించారు గానీ, టీకాల నిల్వ చూసేవారు, డ్రైవర్లు, రికార్డుల గుమాస్తాలు, రాత్రి వేళ ఫోన్ ఎత్తేవారు ఒక్కరంటే ఒక్కరు లేరు. విభాగాధిపతులు పంపే ప్రతిపాదనల నుంచే ఎంపిక జరుగుతుంది, వారికి రోజూ కంటికి కనిపించేవారే గుర్తుకొస్తారు. ఎవరూ పక్షపాతంతో చేశారని అనను, కానీ ఫలితం మాత్రం పక్షపాతం చేసినట్టే ఉంది.

మరో ఇబ్బంది కూడా ఉంది. నిరుడు ఒక నర్సుగారి సేవ గురించి రాస్తూ, మానని కాలి పుండుతో బాధపడుతున్న ఒక పెద్దాయనకు ఆమె నెలల తరబడి ఇంటికి వెళ్ళి కట్లు మార్చిన వైనం వివరించాను. ఆయన పేరు రాయలేదు, ఊరు రాయలేదు. అయినా ఆయన పూర్వం చేసిన ఉద్యోగాన్ని ఒక్క మాటలో ప్రస్తావించడంతో చదివినవారికి ఆయన ఎవరో తెలిసిపోయింది. కుటుంబసభ్యులు వచ్చి బాధపడ్డారు. తప్పు నాదే. అప్పటి నుంచి ఏ వార్తలోనూ పనిని వివరించే ధైర్యం చాలక, 'అంకితభావంతో పనిచేశారు' అని రాసి ఊరుకుంటున్నాను.

ఎంపిక పద్ధతిని ఎలా మార్చాలి? రోగి వివరాలు బయటపడకుండా పనిని ఎలా వర్ణించాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం (నర్సింగ్ పర్యవేక్షకురాలు)

మీరు పాత సంచికలు తీసి చూడటమే మంచి పని. చాలామంది అంతదూరం కూడా వెళ్ళరు.

సామాజిక ఆరోగ్య రంగంలో గుర్తింపు విషయంలో ఒక చిక్కు మొదటి నుంచీ ఉంది. శస్త్రచికిత్స విజయవంతమైతే లేచి నడిచి ఇంటికి వెళ్ళే మనిషి కనిపిస్తాడు, వార్తకు ఫొటో కూడా దొరుకుతుంది. మన పని సరిగ్గా జరిగితే ఏమీ జరగదు. టీకా వేయించుకున్న బిడ్డకు తట్టు రాదు, మందులు మానకుండా చూసుకున్న క్షయ రోగి ఇంట్లో రెండో మనిషికి దగ్గు మొదలుకాదు. జరగని సంగతిని వార్తగా రాయడం ఎవరికీ అలవాటు లేదు. అందుకే మీ చివరి పేజీలో టీకాల నిల్వ చూసే ఉద్యోగి పేరు లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

ఆ పని ఎలా ఉంటుందో దగ్గరగా చూసినదాన్ని కాబట్టి చెబుతాను. టీకాల ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. రోజుకు రెండుసార్లు చూసి నమోదు చేయాలి, సెలవు రోజయినా సరే. వేడి తగలడం గురించి అందరికీ భయమే గానీ, గడ్డకట్టడం అంతకన్నా దొంగదెబ్బ, ఎందుకంటే హెపటైటిస్ బి వంటి టీకాలు ఒకసారి గడ్డకట్టి కరిగాక పైకి మామూలుగానే కనిపించవచ్చు, శక్తి మాత్రం పోతుంది. మా దగ్గర ఒకాయన ఉండేవారు. టీకాల పెట్టె సర్దే రోజు, ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాకులను బల్ల మీద పరిచి, బయట బండి ఆపుకొని అందరూ తొందరపెడుతున్నా, ఒక్కొక్క ప్యాకునూ చెవి దగ్గర పెట్టుకొని ఊపేవారు. లోపల మంచుముక్క నీళ్ళలో కదిలే చప్పుడు వినబడితేనే దాన్ని పెట్టెలోకి అనుమతించేవారు. ఆ చప్పుడు వినబడేదాకా బండి కదిలేది కాదు. ఆయన వల్ల ఆలస్యమవుతోందని ఫిర్యాదులు వచ్చాయి గానీ, పదవీ విరమణ చేసేదాకా ఒక్క ప్రశంసాపత్రం రాలేదు. ఆ ఫిర్యాదుల మీద సంతకం పెట్టినవారిలో నేనూ ఉన్నాను.

ప్రతిపాదనలను విభాగాధిపతుల చేతుల్లోంచి తప్పించి రోగులకు, కుటుంబాలకు, తోటి సిబ్బందికి కూడా తెరవండి. అమెరికాలో 1999లో రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన వ్యాధితో 33 ఏళ్ళ కొడుకును కోల్పోయిన ఒక కుటుంబం, ఆసుపత్రిలో అతణ్ణి చూసుకున్న నర్సులకు కృతజ్ఞత చెప్పడానికి ప్రారంభించిన డెయిజీ అవార్డు ఈ పద్ధతిలోనే నడుస్తోంది. రోగులో, వారి ఇంటివారో, తోటివారో నర్సు పేరు సూచిస్తూ ఏం జరిగిందో రాసిస్తారు. అయితే ఇందులోనూ ఒక లోపం ఉంది. రోగి తన మంచం పక్కకు వచ్చిన మనిషినే గుర్తుంచుకుంటాడు. ప్రయోగశాలలో నమూనా మీద పేరు తప్పుపడిందని కనిపెట్టినవారిని రోగి జన్మలో చూడడు. కాబట్టి రోగి ముఖం చూడని ఉద్యోగాలకు తోటివారి ప్రతిపాదనలను ప్రత్యేకంగా అడిగి తెప్పించుకోవాలి, వాటంతట అవి రావు.

సమాధానం (ఇళ్ళకు తిరిగే ఆరోగ్య కార్యకర్త)

పెద్దల చర్చలో నా మాట కొంచెం కటువుగా ఉంటే మన్నించండి. నేను రోజూ ఇల్లిల్లూ తిరిగే మనిషిని. నా పేరు రెండుసార్లు ఇలాంటి సంచికలో వచ్చింది. మొదటిసారి 'సేవామూర్తి' అన్నారు, రెండోసారి 'త్యాగశీలి' అన్నారు. ఆ రెండోసారి నాటికి నా ప్రయాణ భత్యం బిల్లులు నాలుగు నెలలుగా ఒకే బల్ల మీద పడి ఉన్నాయి. త్యాగశీలి అని అచ్చువేసిన తరువాత ఆ బిల్లుల గురించి గట్టిగా అడగడానికి నాకే మొహమాటం వేసింది. ఇది మీ సంస్థ గురించి అన్నది కాదు, కానీ పొగడ్త అలా కూడా పనిచేస్తుందని సంచిక రాసేవారికి తెలియాలి.

ఒక్కరిని ఉత్తముడిగా నిలబెట్టడం మా పనికి నప్పదు. ఒక గర్భిణి సురక్షితంగా ప్రసవించి ఇంటికి చేరిందంటే, రక్తహీనతను ముందుగా గమనించిన కార్యకర్త, పరీక్ష చేసిన సాంకేతిక నిపుణురాలు, అర్ధరాత్రి బండి తీసిన డ్రైవర్, కాన్పు చేసిన నర్సు, ఇందరి చేతుల మీదుగా ఆమె నడిచి వచ్చిందన్నమాట. ఎవరి ఫొటో వేస్తారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తన గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డులు ప్రకటించినప్పుడు భారతదేశంలోని పది లక్షలకు పైగా ఆశా కార్యకర్తలను కలిపి ఒకే పురస్కారంతో గౌరవించింది. ఆ ఏడాదే అఫ్గానిస్తాన్‌లో పోలియో చుక్కలు వేస్తూ కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయిన ఎనిమిది మంది కార్యకర్తలనూ బృందంగానే గౌరవించింది. అంత పెద్ద వేదిక మీద బృందానికి చోటు దొరికినప్పుడు నాలుగు పేజీల సంచికలో దొరకదా?

సమాధానం (మానవ వనరుల విభాగంలో పనిచేసినవారు)

పైనున్న సోదరి మాటలో అక్షరమక్షరం నిజం ఉంది. ప్రశంస జీతానికి, భత్యానికి బదులు కాదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త 1959లో ప్రచురించిన పరిశోధనలో ఈ తేడానే చూపించాడు. జీతం, పని పరిస్థితులు సరిగ్గా లేకపోతే అసంతృప్తి పుడుతుంది, అవి సరిగ్గా ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు, ఆ ఉత్సాహం గుర్తింపు, బాధ్యత, సాధించామన్న భావన వంటివాటి నుంచి వస్తుందని ఆయన వాదన. దీన్ని తరువాతివారు చాలా ప్రశ్నించారు గానీ, ఒకదాని లోటును రెండోదానితో పూడ్చలేమన్న మాట నా అనుభవంలో నిలబడింది.

అయినా వ్యక్తిగత పురస్కారాన్ని పూర్తిగా తీసేయమంటే నేను ఒప్పుకోను. ఉద్యోగంలో తొలి అడుగులు వేస్తున్న ఒక నర్సుకు ఆ కాగితం రేపు పై చదువు దరఖాస్తులో, మరో ఉద్యోగపు ఇంటర్వ్యూలో పనికొస్తుంది. బృంద పురస్కారాన్ని ఎవరి ఫైల్లోనూ పెట్టుకోలేం. నెలనెలా కాకుండా, చెప్పుకోదగ్గ సంగతి ఉన్నప్పుడే ఇవ్వండి. నెల తిరిగేసరికి ఎవరో ఒకరు కావాలన్న నియమం వల్లనే 'ఈసారి మీ విభాగం వంతు' అన్న వరస మొదలవుతుంది, ఆ వరస మొదలయ్యాక దాన్ని ఎవరూ నమ్మరు.

సుదీర్ఘ సేవకు ఇచ్చే గుర్తింపు విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు పూర్తిచేసినవారి జాబితాను సిబ్బంది రికార్డుల నుంచి తీస్తారు కదా, ఏజెన్సీ ద్వారా పనిచేసేవారు ఆ రికార్డుల్లో ఉండరు. నేను చూసిన ఒక చోట పారిశుద్ధ్య పని చేసే ఒకావిడ పదకొండేళ్ళలో ముగ్గురు కాంట్రాక్టర్ల కింద పనిచేశారు, కాంట్రాక్టర్ మారిన ప్రతిసారీ ఆమె సర్వీసు సున్నా నుంచి మొదలైంది. అదే వరండా, అదే చీపురు, అదే మనిషి. జాబితాను అచ్చుకు పంపే ముందు ప్రతి కేంద్రానికీ ఫోన్ చేసి 'మీ దగ్గర అందరికన్నా పాతవారు ఎవరు?' అని ఒక్క ప్రశ్న అడగండి.

మరొకటి, సమ్మతి రోగికే కాదు, ఉద్యోగికీ అవసరమే. ఫొటో, పనిచేసే కేంద్రం పేరు, డ్యూటీ వేళలు కలిపి అచ్చువేస్తే, ఇంటి హింస నుంచి తప్పించుకొని బతుకుతున్న ఒక ఉద్యోగినికి అది ప్రమాదం కావచ్చు. కారణం అడగకుండా 'వద్దు' అన్న జవాబును అంగీకరించే పద్ధతి పెట్టుకోండి. ప్రసూతి సెలవు, అనారోగ్యం వంటివాటిని శుభాకాంక్షల రూపంలో కూడా ముందుగా అడగకుండా రాయకండి.

సమాధానం (గతంలో ఇలాంటి సంచికకు సంపాదకుడు)

రాసే పద్ధతి గురించి మాత్రమే చెబుతాను. వార్త రాశాక అందులో ఉద్యోగి పేరు తీసేసి మరొకరి పేరు పెట్టి చదవండి. ఏ ఇబ్బందీ లేకుండా సరిపోతే, మీరు ఆ ఉద్యోగి గురించి ఏమీ రాయలేదన్నమాట. 'అంకితభావం', 'నిస్వార్థ సేవ', 'చిరునవ్వుతో పలకరింపు' ఎవరికైనా సరిపోతాయి. ఐస్ ప్యాకును చెవి దగ్గర పెట్టుకొని ఊపిన సంగతి ఆ ఒక్కరికే సరిపోతుంది.

రోగి గోప్యత సమస్యకు జవాబు కూడా ఆ ఉదాహరణలోనే ఉంది. అందులో రోగి లేడు, చేసే చేతులున్నాయి. మీరు నర్సుగారి గురించి రాసేటప్పుడు కెమెరాను రోగి వైపు తిప్పారు. అలా కాకుండా, ఆమె సంచిలో ఏముంటాయి, ఏ క్రమంలో సర్దుకుంటారు, పుండు కొలతను ప్రతిసారీ ఎలా నమోదు చేస్తారు, మార్పు కనబడినప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారు, ఇవి రాస్తే ఆమె నైపుణ్యం తెలుస్తుంది, రోగి ఎవరో తెలియదు. పేరు తీసేస్తే చాలనుకోవడం చిన్న సమాజంలో పనిచేయదు. వయసు, వ్యాధి, వృత్తి, వీధి, వీటిలో ఏ రెండు కలిసినా పొరుగువారికి ఆనవాలు దొరుకుతుంది. రోగి కథే చెప్పక తప్పదనుకుంటే రాతపూర్వక సమ్మతి తీసుకొని, అచ్చుకు వెళ్ళే ప్రతినే వారికి చదివి వినిపించండి. ఆ సమ్మతి అడగడానికి, చికిత్స చేస్తున్న మనిషిని మాత్రం పంపకండి, కాదనలేక ఒప్పుకుంటారు.

ఇక ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజయిన మే 12న నర్సుల దినోత్సవం, మే 5న మంత్రసానుల దినోత్సవం, సెప్టెంబర్ 25న ఫార్మసిస్టుల దినోత్సవం వస్తాయి, వాటికి సంచిక నిండుతుంది. నేను ఆ రోజుల్లో కాస్త నిశ్చింతగా ఉండేవాణ్ణి, నిజం చెప్పాలంటే బద్ధకంగా ఉండేవాణ్ణి. మీరు ఏ దినోత్సవమూ లేని నెలల్లో రికార్డుల గది దగ్గరకు వెళ్ళి ఒక పూట కూర్చోండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. మా అధికారితో మాట్లాడాను. నెలవారీ ఉత్తమ ఉద్యోగి శీర్షికను ప్రస్తుతానికి ఆపడానికి ఒప్పుకున్నారు, వ్యక్తిగత ప్రశంసాపత్రాలు మాత్రం సందర్భం వచ్చినప్పుడు ఇస్తాం. పెండింగ్ బిల్లుల విషయం సంచిక పరిధిలోది కాదని ఆయన అన్నారు. కాదన్నది నిజమే, అయినా ఎవరి గురించి రాసే ముందైనా వారి బిల్లుల పరిస్థితి ఒకసారి లెక్కల విభాగంలో అడగాలని నాకు నేను నియమం పెట్టుకున్నాను.

నిన్న రికార్డుల గదిలో ఒక పూట కూర్చున్నాను. అక్కడి గుమాస్తాగారు ఒకే పేరున్న ఇద్దరు రోగుల ఫైళ్ళు కలిసిపోకుండా, అలాంటి ప్రతి జంటకూ ఫైలు అట్ట మీద ఎర్ర పెన్సిలుతో అడ్డగీత గీసి పెడతారట. ఆ గీత ఎందుకో మా నర్సులకు తెలుసు, వైద్యులకు తెలుసు, నాకు మాత్రం నిన్నటిదాకా తెలియదు. నాలుగు వాక్యాలు రాసి ఆయనకు చదివి వినిపించాను. ఫొటో వద్దన్నారు. 'అద్భుతమైన' అన్న మాట కొట్టేయమన్నారు. ఎర్ర పెన్సిలు అన్నచోట, రెండేళ్ళ కిందట స్టోరు నుంచి ఎర్రవి రావడం ఆగిపోయిందని, అప్పటి నుంచి సొంతంగా కొనుక్కుంటున్నానని చెప్పి, అది మాత్రం రాయమన్నారు. రాశాను.