టోంగా నుంచి న్యూజిలాండ్ వెళ్తూ మినర్వా రీఫ్‌లో ఆగాలా, వద్దా?

విశాఖ_తెరచాప: అక్టోబరు చివర్లో టోంగా రాజధాని నుకుఅలోఫా నుంచి న్యూజిలాండ్ రేవు ఓపువాకి సెయిలింగ్ పడవలో క్రూగా వెళ్తున్నాను. దారిలో సముద్రం మధ్య ఉంగరంలా ఉండే రెండు మినర్వా పగడపు దిబ్బల్లో ఉత్తరపుది, నార్త్ మినర్వాలో లంగరేసి రెండు రోజులు నిద్రపోదామని నేను, నేరుగా పోదామని కెప్టెన్. మీరేమంటారు?

దక్షిణగాలి: నేరుగానే పోండి. అది దీవి కాదు. పోటు వస్తే పగడపు దిబ్బంతా నీళ్ళ కిందే. 1962లో టువాయికాయెపావు అనే టోంగా పడవ రాత్రిపూట సౌత్ మినర్వాకి గుద్దుకుంది. బతికినవాళ్ళు అక్కడున్న పాత జపాన్ ఓడ శిథిలంలో మూడు నెలలు తలదాచుకున్నారు.

ఆక్లాండ్_లత: అది సౌత్, పైగా జీపీఎస్ లేని రోజులు. నార్త్‌కి వాయవ్యాన దారి ఉంది, లోపల ఇసుక నేల. పగలే వెళ్ళండి. ఆగేది నిద్రకొక్కదానికే కాదండీ. అక్కణ్ణుంచి ఇంకా సుమారు 800 నాటికల్ మైళ్ళు, మామూలు పడవకి వారం. టాస్మన్ సముద్రం నుంచి వచ్చే అల్పపీడనం దాటిపోయేదాకా లోపలే ఉండి, ఆ తర్వాత బయల్దేరతారు.

దక్షిణగాలి: పోటులో అలలు దిబ్బ దాటి లోపలికొస్తాయి. లంగరు జారితే?

చిన్నపడవ: 1972లో కొందరు ఇసుక పోసి కొత్త దేశం ప్రకటిస్తే టోంగా రాజు స్వాధీనం చేసుకున్నది ఇదేగా?

ఆక్లాండ్_లత: అదే. దక్షిణగాలి గారూ, గొలుసు ఎక్కువ వదిలితే సరి. లంగరు దగ్గరే ఆగిపోయారేం?

దక్షిణగాలి: ఎందుకంటే క్రూ గోలపెడితే మేం అక్కడ ఆగాం. మంచి గాలి పోయింది, తర్వాత ఎదురుగాలిలో మెయిన్ తెరచాప చిరిగింది. ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? నేనే, పడవ నాది కాబట్టి!

ఆక్లాండ్_లత: అలా చెప్పండి! గొడవ లంగరుది కాదు, మాట ఎవరిదన్నది. నేనెక్కిన ఒక పడవలో కెప్టెన్ ఎంత అడిగినా ఆగలేదు. రాత్రి వాచ్‌లో (కాపలా వంతులో) ఉన్నతను చుక్కాని దగ్గరే నిద్రపోయాడు. సరుకు ఓడ మీదకొచ్చేదాకా ఎవరం చూడలేదు.

దక్షిణగాలి: సముద్రం మీద నిర్ణయం ఒక్కరిదే. ఓట్లు పెట్టలేం.

ఆక్లాండ్_లత: ఓట్లు ఎవరడిగారు? నిర్ణయం ఆయనదే, కానీ క్రూ అలసటని కూడా గాలిలాగే లెక్కేసుకోవాలి. 2018లో మన విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్న నేవీ మహిళల పడవ తారిణి ప్రపంచం చుట్టి వస్తూ, స్టీరింగ్ పాడై మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగింది. పరికరం చెడితే ఆగుతాం, మనిషి చెడితే ఆగమా?

విశాఖ_తెరచాప: కెప్టెన్ మా బావగారండి. గట్టిగా అనలేకపోతున్నాను.

దక్షిణగాలి: అయితే నుకుఅలోఫా రేవులోనే తేల్చుకోండి, బయల్దేరాక కాదు. ఇంతకీ వాచ్‌కి ఎంతమంది ఉన్నారు? ఇద్దరే అయితే నేనైనా ఆగుతాను.