రెటీనా ఆపరేషన్ అయిన మా షిట్జూ కుక్క కన్ను నీలంగా మారింది, సోమవారం దాకా ఆగొచ్చా?

కోనసీమ చిన్నోడు (అమలాపురం):
మా చిట్టి షిట్జూ అండి, ఆరేళ్ళది. ఎడమ కంట్లో రెటీనా (కంటి వెనక ఉండే చూపు తెర) చిరిగి ఊడిపోయిందంటే చెన్నై తీసుకెళ్ళి విట్రెక్టమీ, అంటే కంటి లోపలి జెల్లీ తీసేసే ఆపరేషన్ చేయించాం. లెన్స్ తీసేసి, రెటీనా అతుక్కుని ఉండటానికి లోపల సిలికాన్ ఆయిల్ నింపి, లేజర్ కూడా పెట్టారు. ఇంటికొచ్చాక బాగానే ఉంది, విసిరిన బిస్కెట్ తనే వెతుక్కునేది. నిన్న సాయంత్రం నుంచి కన్ను ఎర్రబడింది, నల్లగుడ్డు మీద నీలం పొర కమ్మింది, తిండి మానేసి మంచం కింద దూరి కూర్చుంది. టార్చి పక్క నుంచి వేసి చూస్తే నల్లగుడ్డు వెనక, పైభాగంలో నెయ్యి చుక్కల్లా ఏవో మెరుస్తున్నాయి. ఇక్కడ చూపిస్తే ఇన్ఫెక్షన్ అయ్యుంటుంది, స్టెరాయిడ్ చుక్కలు వేయండి అన్నారు. ఆదివారం కదా, సర్జన్ ఫోన్ ఎత్తట్లేదు. టెన్షన్‌గా ఉంది. రేపటిదాకా చూడమంటారా?

భీమవరం అక్క:
చూడొద్దు తమ్ముడూ, ఇవాళే కదులు. మా పగ్‌కి ఆపరేషన్ తర్వాత ఇలాగే నీలం తిరిగితే, కుట్లు మానుతున్నాయి అలాగే ఉంటుందిలే అని ఎవరో చెప్పారు, ఆ కన్ను దక్కలేదు. కంట్లో ప్రెషర్ పెరిగితే నల్లగుడ్డులోకి నీరు ఊరి అలా నీలంగా కనిపిస్తుంది. మనుషులకి నీటికాసులు అంటాం చూడు, అదే. నొప్పి మామూలుగా ఉండదు, అందుకే తిండి మానేస్తాయి. ప్రెషర్ కొలిచారా లేదా, అది చెప్పు ముందు.

తణుకు రాజు:
మా ల్యాబ్రడార్ కుక్కకి పిడుదుల జ్వరం వచ్చినప్పుడు రెటీనా ఊడింది. డాక్సీసైక్లిన్ బిళ్ళలతోనే చూపు చాలావరకు తిరిగొచ్చింది, కత్తి పడలేదు. కుక్కకి అంత ఖర్చు పెట్టి ఆయిల్ నింపించుకోవడం ఏంటో నాకు అర్థం కాదు బాబూ.

పశువైద్యం చదివినవాణ్ణి (కాకినాడ):
రాజు గారూ, మీది వేరే జబ్బండి. జ్వరం వల్లో బీపీ వల్లో రెటీనా వెనక నీరో రక్తమో చేరి లేచిపోతే మందులతో దారికి రావచ్చు. చిరిగి ఊడితే బిళ్ళలు అతికించలేవు. షిట్జూల్లో ఈ చిరగడం ఎక్కువే.

చిన్నోడు గారూ, మీరు టార్చితో చూసినవి దాదాపు ఆయిల్ చుక్కలే. సిలికాన్ ఆయిల్ నీటికన్నా తేలిక, అందుకే పైకి చేరుతుంది. లెన్స్ తీసేశారు కాబట్టి వెనక నుంచి ముందు గదిలోకి, అంటే నల్లగుడ్డు వెనకున్న ఖాళీలోకి జారడానికి అడ్డేమీ లేదు. ముందుకొచ్చిన ఆయిల్ కంటి నీరు బయటికి పోయే దారికి అడ్డుపడితే ప్రెషర్ పెరుగుతుంది, నల్లగుడ్డు లోపలి పొరని రాస్తూ ఉంటే అది మసకబారుతుంది. మీ దాంట్లో రెండూ ఉండొచ్చు. కుక్కకి మామూలు ప్రెషర్ 10 నుంచి 25 లోపు. బాగా పెరిగితే ఒకటి రెండు రోజుల్లోనే కంటి నరం దెబ్బతిని చూపు పోతుంది, తర్వాత ప్రెషర్ దించినా ఆ చూపు రాదు.

స్టెరాయిడ్ విషయం. ముందు ఫ్లోరెసిన్ అనే రంగు అద్ది నల్లగుడ్డు మీద పుండు లేదని తేల్చాలి. పుండు ఉండగా స్టెరాయిడ్ పడితే కన్ను చిల్లుపడే దాకా పోవచ్చు. ఇంట్లో పాత అట్రోపిన్ (కంటిపాప పెద్దది చేసే చుక్కలు) ఉంటే అది కూడా ముట్టుకోకండి, ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. ఊళ్ళో మనుషుల కంటి డాక్టరు దగ్గర చేత్తో పట్టుకునే టోనోమీటర్ (కంటి ప్రెషర్ కొలిచేది) ఉంటే బతిమాలండి, కుక్కకీ పనికొస్తుంది. గాలి ఊదే మిషన్ మాత్రం వద్దు, దానికి కుక్క కుదురుగా కూర్చోదు. పట్టుకునేటప్పుడు మెడ నొక్కకండి, నొక్కితే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది.

కోనసీమ చిన్నోడు:
కొలిపించానండి. తెలిసిన కంటి డాక్టరు గారు ఓపీ అయిపోయాక వెనక గుమ్మం నుంచి రమ్మన్నారు, చేసి పెట్టారు పాపం. ఎడమ కన్ను 44, కుడిది 17. రంగు అద్దితే పుండు లేదు. సర్జన్ కూడా రాత్రి ఫోన్ చేశారు. ప్రెషర్ దించే డోర్జోలమైడ్, టిమోలోల్ కలిసిన చుక్కలు మొదలుపెట్టి, ఇక్కడే మానిటాల్ (ప్రెషర్ త్వరగా దించే మందు) నరంలోకి ఎక్కించుకుని వచ్చేయమన్నారు. ముందున్న ఆయిల్ తీసి చూస్తారట, రెటీనా మళ్ళీ ఊడిందేమో స్కాన్ కూడా తీస్తారట. మానిటాల్ అయ్యాక 29కి దిగింది. ఇప్పుడు అన్నం కలిపి పెడితే తింది. రాజమండ్రి నుంచి రైల్లో తీసుకెళ్ళొచ్చా, కారే నయమా?

పశువైద్యం చదివినవాణ్ణి (కాకినాడ):
29 కూడా ఎక్కువే, మానిటాల్ పని కొన్ని గంటలే, చుక్కలు టైముకి పడాలి. రైల్లో ఫస్ట్ ఏసీ కూపే దొరికితేనే మీ పక్కన ఉంచుకోనిస్తారు, లేకపోతే గార్డు పెట్టెలో వేయాలి. ఆ వేడిలో, ఆ కుదుపుల్లో ఈ కంటితో వద్దు. కారులో పొండి. కన్ను గీరుకోకుండా మెడకి పెట్టిన కోన్ తీయకండి, మెడ పట్టీ బదులు ఛాతీకి కట్టే హార్నెస్ వేయండి, పట్టీ లాగినప్పుడల్లా కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. కుడి కన్ను కూడా చూపించి, ముందుజాగ్రత్తగా లేజర్ అవసరమేమో అడగండి. ఈ జాతిలో రెండో కన్నూ అదే దారి పట్టొచ్చు.

భీమవరం అక్క:
తిరిగొచ్చాక కొబ్బరి పీచు ఆరబెట్టే చోటుకి పోనివ్వకు తమ్ముడూ, ఆ దుమ్ముకి కన్ను గీరుకుంటుంది. మా వాడు కోన్ ఉన్నా గోడకి రుద్దేసేవాడు. ఒక మందు చుక్కకీ ఇంకో మందు చుక్కకీ మధ్య ఐదు నిమిషాలు ఆగు, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. చెన్నైలో ఏమన్నారో రాయి.