పద్దులు తప్ప మరేమీ తెలియనివారు విదేశాల్లో సహాయ సేవకు పనికివస్తారా?

ప్రశ్న: సేవాభిలాషి

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఒక సంస్థలో జమాఖర్చుల పని చూస్తున్నాను. త్వరలో కొన్ని నెలల సెలవు దొరకబోతోంది. భూకంపం వచ్చిందనో, యుద్ధం వల్ల లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలి తరలిపోయారనో విన్నప్పుడల్లా అక్కడికి వెళ్లి చేతనైన సాయం చేయాలనిపిస్తుంది గానీ, నాకు వైద్యం తెలియదు, కట్టడాల పనీ తెలియదు. ఒక సంస్థ రుసుము తీసుకుని, విదేశంలోని అనాథాశ్రమంలో రెండు వారాలపాటు పిల్లలకు పాఠాలు చెప్పే అవకాశం కల్పిస్తానంటోంది. మరోవైపు, మా ప్రాంతంలోని స్వచ్ఛంద బృందం ప్రథమ చికిత్స శిక్షణకు రమ్మంటోంది. దూరదేశంలో చేస్తేనే సేవ అని నేను అనుకోవడం లేదు. అయితే అవసరం అక్కడ అంత తీవ్రంగా ఉన్నప్పుడు ఉన్నచోటే ఉండిపోవడం సబబేనా అన్నది నా సందేహం. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు: శిబిరవాసి

సేవాభిలాషి గారూ, విపత్తు సహాయ బృందాలతో కలిసి పనిచేసినవాడిగా ముందు ఒక మాట చెబుతాను. శిథిలాల కింద నుంచి ప్రాణాలతో బయటపడేవారిలో అత్యధికులను బయటికి లాగేది ఇరుగుపొరుగువారే. విదేశీ బృందం విమానం దిగేసరికి అసలైన గంటలు గడిచిపోతాయి. 1988లో ఆర్మేనియాలో భూకంపం వచ్చినప్పుడు అనేక దేశాల బృందాలు ఎవరి దారిన వారు చేరుకోవడంతో తలెత్తిన గందరగోళాన్ని చూసిన తర్వాతే, 1991లో ఐక్యరాజ్యసమితి ఛత్రం కింద 'ఇన్సరాగ్' అనే సమన్వయ వ్యవస్థ ఏర్పడింది. దాని నియమాల ప్రకారం, భారీ స్థాయి రక్షణ బృందంగా గుర్తింపు పొందాలంటే, పది రోజులపాటు తన తిండి, తన నీరు, తన గుడారాలు తానే చూసుకుంటూ పనిచేయగల సత్తా ఉండాలి.

ఆ నియమం ఎందుకో శిబిరంలో ఒక్కరోజు ఉంటే అర్థమవుతుంది. సహాయ సంస్థలు పాటించే 'స్పియర్' ప్రమాణాల ప్రకారం తాగడానికీ, ఇంటి అవసరాలకూ కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు అందాలి. ఆ కాస్త నీరూ అందరికీ అందించలేక సతమతమవుతున్న చోటికి, చేతిలో ఏ పనీ లేని మంచి మనిషి ఒకరు వచ్చి దిగితే, నీటి ట్యాంకరు దగ్గర వరుసలో మరొకరు పెరిగినట్లే అవుతుంది. మీరు ముందుగా ఆ ప్రథమ చికిత్స శిక్షణ పూర్తి చేయండి. కారుతున్న రక్తాన్ని గట్టిగా అదిమిపట్టి ఆపడం, ఆగిన గుండెకు ఛాతీ నొక్కి ఊతమివ్వడం వంటివి డాక్టరు రాకముందు పక్కనున్న మనిషి చేయవలసిన పనులు.

జవాబు: బాలమిత్ర

అనాథాశ్రమం సంగతి మాత్రం నిక్కచ్చిగా చెప్పవలసి ఉంది. దయచేసి వెళ్లకండి. ఇటువంటి ఆశ్రమాల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. పేదరికం వల్లనో, బడికి పంపుతామన్న మాట నమ్మో పిల్లలను అప్పగించి ఉంటారు. రుసుము కట్టి వచ్చే సందర్శకుల రాక పెరిగేకొద్దీ పిల్లలను ఆశ్రమంలోనే ఉంచడం నిర్వాహకులకు ఆదాయమార్గంగా మారుతుంది. వచ్చినవారు పిల్లలను దగ్గరకు తీసుకుని, రెండు వారాల్లో వెళ్లిపోతే, వారి స్థానంలో మరొకరు వస్తారు. అలవాటైన ముఖం మాయమవడం ఆ పిల్లలకు మళ్లీ మళ్లీ అనుభవమవుతుంది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కులపై ఆమోదించిన తీర్మానం కూడా అనాథాశ్రమాల్లో స్వచ్ఛంద సేవ పేరిట జరిగే హానిని ప్రస్తావించి, దాన్ని అరికట్టాలని దేశాలను కోరింది.

ఆ సంస్థను ఒక్క ప్రశ్న అడిగి చూడండి: పిల్లల మధ్యకు పంపేముందు నా పూర్వాపరాలను మీరు ఎలా విచారిస్తారు? దీనికి సూటిగా సమాధానం రాకపోతే, మిగతా ప్రశ్నలు అడగనక్కరలేదు.

జవాబు: పటాల పనివాడు

ఊరు కదలకుండానే దూరదేశానికి సాయపడే మార్గం ఒకటుంది. దాన్ని ఎవరూ ప్రస్తావించకపోవడం ఆశ్చర్యంగా ఉంది. అమెరికా, బ్రిటన్ రెడ్‌క్రాస్ సంస్థలు, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (వాలంటీర్లు కలిసి గీసే ఉచిత ప్రపంచ పటం) మానవతా బృందం కలిసి 2014లో 'మిస్సింగ్ మ్యాప్స్' అనే కార్యక్రమాన్ని ప్రారంభించాయి. టీకాలు వేయడానికి వెళ్లే బృందానికి ఏ లోయలో ఎన్ని ఇళ్లున్నాయో తెలియకపోతే ఎన్ని మోతాదులు తీసుకువెళ్లాలో కూడా తెలియదు. ఆ లోటును పూడ్చడమే దీని పని. ఉపగ్రహ చిత్రాన్ని కంప్యూటరు తెరపై పెద్దది చేసుకుని, కనిపించిన ప్రతి పైకప్పు చుట్టూ గీత గీయాలి. గుండ్రటి గుడిసెను గుండ్రంగానే గీయాలి. గోడ నీడను గోడగా భ్రమపడి గీతను పక్కకు జరపడం కొత్తవారందరూ చేసే పొరపాటే. అందుకే మరింత అనుభవమున్నవారు మళ్లీ సరిచూస్తారు. ఊరి పేరు, బడి పేరు ఆకాశం నుంచి కనిపించవు కాబట్టి వాటిని స్థానిక వాలంటీర్లు చేరుస్తారు.

జవాబు: బాటసారి

శిబిరవాసి గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. శిక్షణ లేని బయటివాడు భారమే అయితే, రెడ్‌క్రాస్ పుట్టేదే కాదు. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినో యుద్ధంలో ఒక్కరోజులోనే దాదాపు 40 వేల మంది చనిపోవడమో గాయపడటమో జరిగినప్పుడు, హెన్రీ డ్యూనాంట్ అక్కడికి వెళ్లింది సొంత వ్యాపారం పని మీద. ఆయన వైద్యుడు కాడు, సైనికుడూ కాడు. పక్కనున్న కాస్తిలియోనే ఊరి స్త్రీలు ఏ దేశపు సైనికుడన్నది చూడకుండా గాయపడ్డవారికి ఉపచారం చేస్తుంటే, ఆయన వారితో కలిశాడు. తన బండివాణ్ని బ్రెషా పట్టణానికి పంపి చొక్కాలు, నిమ్మకాయలు, చక్కెర, పొగాకు తెప్పించాడు. చూసినదాన్ని 1862లో పుస్తకంగా ప్రచురించాడు. మరుసటి ఏడాదే జెనీవాలో రెడ్‌క్రాస్‌కు పునాది అయిన కమిటీ ఏర్పడింది. కాబట్టి బయటివారికీ పని ఉంటుంది, వారు చేయగలిగినదేదో వారికి తెలిసి ఉంటే.

జవాబు: శిబిరవాసి

బాటసారి గారూ, మీ ఉదాహరణ నా మాటనే బలపరుస్తోంది. గాయాలు కడిగినవారు ఆ ఊరి స్త్రీలు. డ్యూనాంట్ తనకు తెలిసిన పనులే, అంటే సరుకు తెప్పించడం, మనుషులను కూడగట్టడం, రాయడం చేశాడు. సేవాభిలాషి గారి ప్రశ్నకు జవాబు కూడా అందులోనే కనిపిస్తోంది. మీరు పిల్లలకు పాఠాలు చెప్పడం గురించి ఎందుకు ఆలోచిస్తున్నారో గానీ, సహాయ సంస్థలు నిత్యం వెతుక్కునేది జమాఖర్చులు తెలిసినవారి కోసమే. ఈ రోజుల్లో చాలాచోట్ల బాధితులకు సరుకులకు బదులు నగదు ఇస్తున్నారు. ఎవరికి ఎంత ముట్టిందో, జాబితాలో ఒకే పేరు రెండుసార్లు పడిందేమో చూసే మనిషి లేకపోతే తదుపరి విడత నిధులే ఆగిపోతాయి. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ కూడా వైద్యులతోపాటు ఆర్థిక, పరిపాలన, సరఫరా విభాగాలకు మనుషులను తీసుకుంటుంది. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమంలో విదేశాలకు వెళ్లే నియామకాలతోపాటు ఇంటి నుంచే చేసే ఆన్‌లైన్ సేవా ఉంది.

జవాబు: సేవాభిలాషి

అందరికీ కృతజ్ఞతలు. అనాథాశ్రమం ఆలోచన మానుకున్నాను. ప్రథమ చికిత్స శిక్షణకు పేరు ఇచ్చాను. స్థానిక బృందం పద్దులు ఎవరు చూస్తున్నారని అడిగితే, రసీదులన్నీ ఒక సంచిలో ఉన్నాయని చెప్పారు. ముందు వాటి సంగతి చూసి, ఆ తర్వాత ఆన్‌లైన్ సేవకు దరఖాస్తు చేస్తాను. పటాల పనివాడు గారూ, మీరు చెప్పిన పటాల పనికి మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుందా, మౌస్ విడిగా ఉండాలా?

జవాబు: పటాల పనివాడు

ల్యాప్‌టాప్ సరిపోతుంది. మౌస్ మాత్రం తప్పక పెట్టుకోండి. టచ్‌ప్యాడ్‌తో మూలలు సరిగ్గా కుదరవు. కొత్తవారికని ప్రత్యేకించి గుర్తుపెట్టిన, పటంలోని చిన్న గళ్లను ఎంచుకుని, మొదట ఇళ్లు మాత్రమే గీయండి. రోడ్లు తర్వాత చూద్దాం.