కాకతీయులా, విజయనగరమా: మామూలు మనిషి ఎక్కడ పైకి రాగలిగాడు?

శాసనాలపిచ్చి:
కాకతీయ రాజ్యం చిన్న నమూనా, విజయనగరం దాన్నే పెద్దగా చేసిన రూపం అని చాలామంది అంటుంటారు, నాకది అస్సలు ఒప్పుకోబుద్ధి కాదు. నాయంకరం (సైన్యం పోషించినందుకు నాయకులకు ఊళ్ళ రాబడి ఇచ్చే పద్ధతి) రెండు చోట్లా ఉంది, చెరువులు ఇద్దరూ తవ్వించారు, గుళ్ళు ఇద్దరూ కట్టించారు, కాదనను. కానీ రాజు తన పుట్టుక గురించి ఏం చెప్పుకున్నాడో చూడండి. కాకతీయులు చాలా శాసనాల్లో తమది చతుర్థ కులమని, అంటే శూద్రులమని, దాపరికం లేకుండా చెక్కించుకున్నారు (గణపతిదేవుడి 1244 నాటి మోటుపల్లి శాసనంలో సూర్యవంశం అన్నారు, అలాంటివి తక్కువ). విజయనగరంలో సంగమ వంశం వాళ్ళు యాదవులం, చంద్రవంశం వాళ్ళం అన్నారు, తర్వాత వచ్చిన తుళువ వాళ్ళూ చంద్రుడి దగ్గరికే వెళ్ళారు. క్షత్రియుడినని చెప్పుకోకుండానే ఓరుగల్లులో గద్దె మీద కూర్చోవచ్చంటే, కింద ఉన్న నాయకుడికీ సెట్టికీ కులం అంత అడ్డు కాలేదనే కదా అర్థం. ఆ కాలపు తెలంగాణ శాసనాల్లో తండ్రికి ఒక బిరుదు, కొడుక్కి ఇంకో బిరుదు ఉన్నవి ఎన్నో. అవి పుట్టుకతో వచ్చినవి కావు, చేసిన పనిని బట్టి వచ్చినవి. నా ఓటు కాకతీయులకే.

హంపీబాట:
వంశం గురించి గొప్పలు చెప్పుకోవడం వేరు, నేల మీద జరిగింది వేరు సార్. విజయనగర సైన్యాల వెంట తెలుగు రైతులూ కాపులూ తమిళ దేశం వెళ్ళి, అక్కడ ఎవరూ పట్టించుకోని నల్లరేగడి నేలలు సాగు చేసి ఊళ్ళకు పెద్దలయ్యారు, ఇంతకంటే పైకి రావడం ఏముంటుంది? తమిళ ప్రాంతంలో కైక్కోలర్ నేతవాళ్ళు పల్లకి ఎక్కే హక్కు, శంఖం ఊదించుకునే హక్కు సంపాదించుకున్నది విజయనగర కాలంలోనే. 1429లో కుడిచేతి కులాలూ ఎడమచేతి కులాలూ (తమిళ దేశంలో ఒకదానితో ఒకటి పోటీపడే రెండు కుల కూటములు) తమ గొడవలు పక్కన పెట్టి పన్నుల మీద ఒక్కటై తిరగబడ్డాయి. ఇక మతం దగ్గరికొస్తే, 1368లో జైనులకూ వైష్ణవులకూ తగాదా వస్తే బుక్కరాయలు ఇద్దరికీ తేడా లేదని తీర్పు చెప్పి శ్రవణబెళగొళలో చెక్కించాడు. రెండో దేవరాయలు ముస్లిం విలుకాళ్ళనూ రౌతులనూ సైన్యంలో పెట్టుకున్నాడు. కృష్ణదేవరాయలు తిరుమలకు ఏడుసార్లు వెళ్ళిన వైష్ణవుడు, అయినా రాజశాసనాల చివర చేవ్రాలు శ్రీ విరూపాక్ష అని శివుడి పేరే ఉండేది. ఇంతమంది కలిసి బతికిన చోటు బిగుసుకుపోయిందంటే ఎలా నమ్మమంటారు?

ఒట్టిపాఠకుడు:
మతం గురించి ఒక చిన్న మాట. కాకతీయులది శైవమే అని కొట్టిపారేయకండి. 1261 మల్కాపురం శాసనం చదవండి, గోళకీ అనే శైవ మఠం గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి ఇచ్చిన ఊరి రాబడిలో ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ వాటా ఉంది, సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా అన్నం పెట్టాలని రాశారు. ఎంతవరకు అమలైందో ఎవరు చూశారు, కానీ రాయించాలని అనిపించింది కదా.

శాసనాలపిచ్చి:
హంపీబాట గారూ, మీరు చెప్పిన కైక్కోలర్ ఉదాహరణే చూడండి. పల్లకి ఎక్కడానికి విడిగా హక్కు సంపాదించుకోవాల్సి వచ్చిందంటే అంతకుముందు గీత ఎంత గట్టిగా గీసి ఉందో తెలుస్తోంది. ఇక అసలు సంగతి రాజకీయంలో ఉంది, కోట ఎవరి చేతిలో ఉంది అన్నది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ దుర్గాలు బ్రాహ్మణులకు ఇమ్మన్నాడు, ఆయన బ్రాహ్మణ మంత్రి తిమ్మరుసు ఎక్కడిదాకా వెళ్ళాడో అందరికీ తెలుసు. ఎందుకంత జాగ్రత్త? సొంత బలం పెంచుకున్న నాయకుడు రేపు గద్దె మీద కన్నేస్తాడని భయం, 1485లో సాళువ నరసింహుడు చేసింది అదే కాబట్టి ఆ భయం ఉట్టిది కూడా కాదు. రుద్రమదేవి పరిస్థితీ అంతే, సామంతులు తిరగబడ్డారు, కాయస్థ అంబదేవుడు పెద్ద తలనొప్పి అయ్యాడు. కానీ ఆమె, ఆమె తర్వాత ప్రతాపరుద్రుడు వేరే దారి పట్టారు: పాత సామంత కుటుంబాల మీద ఆధారపడటం తగ్గించి, పెద్ద వంశం లేకపోయినా నమ్మకంగా పనిచేసే కొత్త నాయకులను ఎక్కించారు. భయం ఒకటే, మందు వేరు. ఆ మందు వల్లే మామూలు కుటుంబాలకు దారి దొరికింది.

హంపీబాట:
దారి దొరికింది, సరే, ఆ నాయకులే 1323లో ఓరుగల్లు పడగానే ఎవరి రాజ్యం వాళ్ళు పెట్టుకున్నారు కదండీ, అద్దంకిలో రెడ్లు, రాచకొండలో వెలమలు, ఓరుగల్లులో ముసునూరి వాళ్ళు. 1565 తళ్ళికోట ఓటమి తర్వాత మధుర, తంజావూరు నాయకులదీ అదే కథ. ఇందులో మీ కాకతీయుల ప్రత్యేకత ఎక్కడుంది? రుద్రమ పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా, ఆమెను కూడా రుద్రదేవ మహారాజు అని మగపేరుతోనే శాసనాల్లో రాయించారు.

శాసనాలపిచ్చి:
మగపేరు పెట్టుకున్నా ఏలింది ఆమే, 1262 నుంచి 1289 దాకా. ఆమె తర్వాత గద్దె కూతురి కొడుక్కి వెళ్ళింది. విజయనగరంలో నాలుగు వంశాలు, దాదాపు మూడు వందల ఏళ్ళ రాజ్యం, ఒక్క ఆడమనిషి గద్దె ఎక్కలేదు. రాణివాసంలో లెక్కలు రాసే ఆడవాళ్ళూ కుస్తీ పట్టే ఆడవాళ్ళూ ఉండేవాళ్ళని పోర్చుగీసు నూనిజ్ రాశాడు, గంగాదేవీ తిరుమలాంబా కావ్యాలు రాశారు, అదంతా గొప్పే. అధికారం మాత్రం వేరే విషయం.

ఒట్టిపాఠకుడు:
మీరిద్దరూ నాయకులూ సెట్లూ రాణుల గురించే కొట్టుకుంటున్నారు. రాయి చెక్కించడానికి డబ్బున్నవాళ్ళే ఇక్కడంతా. పాఖాల చెరువు కట్టకు మట్టి మోసినవాడు, హంపీలో రాళ్ళు లాగినవాడు పైకి వచ్చాడా లేదా అన్నది ఇద్దరిలో ఎవరూ అడగలేదు. దానికి మీ శాసనాల్లో జవాబుంటే పెట్టండి, అప్పుడు ఓటేస్తాను.