ప్రతి రిపోర్టులో మొత్తం పేజీల సంఖ్య వేయాల్సిందేనా?

కోడుకూలీ:
ప్రింటయ్యే ప్రతి రిపోర్టు అడుగున ‘పేజీ 3 / 47’ అని ఉండాలని మా ఆడిట్ వాళ్లు పట్టుబడుతున్నారు. ఉత్త ‘పేజీ 3’ చాలదా? ఆ 47 తెలియాలంటే రిపోర్టు చివరిదాకా తయారవ్వాలి. అప్పటిదాకా మొదటి పేజీ కూడా బయటికి రాదు. నేను వద్దంటాను.

పాతకాపు:
కాగితం చేతులు మారే చోట ఉండాల్సిందే. మధ్యలో పేజీ పోతే నంబర్లు చూసి పట్టుకుంటాం. చివరిది పోతే? మా దగ్గర ఒకసారి స్టాక్ లిస్టు ఆఖరి పేజీ ప్రింటర్‌లోనే ఉండిపోయింది. ఉన్నంతవరకు లెక్కపెట్టి ‘సరిపోయింది’ అని సంతకం పెట్టేశారు!

కోడుకూలీ:
దానికి చివర ‘రిపోర్టు ముగిసింది’ అని ఒక లైను చాలు కదండీ. కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలోని రిపోర్ట్ రైటర్‌లో నడుస్తున్న పేజీ నంబరుకే కౌంటర్ ఉండేది, మొత్తానికి లేదు. అప్పుడూ పనులు జరిగాయి.

పాతకాపు:
ఆ లైను వస్తుందని తెలిసినవాడికే అది లేదని తెలుస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడికి ఎలా తెలుస్తుంది?

రెండోపాస్:
ఆలస్యం గురించి కోడుకూలీ గారు చెప్పింది నిజమే. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్‌లో మొత్తం పేజీలు అడిగితే రిపోర్టును రెండుసార్లు ఫార్మాట్ చేస్తుంది. పత్రాలను అచ్చుకు తీర్చే లాటెక్‌లోనూ రెండోసారి కంపైల్ చేస్తేనే అంకె సరిగ్గా వస్తుంది. ఐటెక్స్ట్ అనే ప్రోగ్రామింగ్ లైబ్రరీ‌తో పీడీఎఫ్ చేసేటప్పుడు మాత్రం ప్రతి పేజీలో ఖాళీ జాగా వదిలేసి, ఫైల్ మూసే ముందు ఒక్కసారి నింపుతాం. పీడీఎఫ్ మొత్తం తయారయ్యాకే ప్రింట్ కొట్టేవాళ్లకు ఇక ఆలస్యం ఎక్కడ?

అసలు చిక్కు వేరే ఉంది. వెయ్యి ఇన్వాయిసులు ఒకే రన్‌లో తీస్తే, ఒక కస్టమర్ చేతికి ‘పేజీ 812 / 2300’ వెళ్తుంది. అతనికి కావాల్సింది తన బిల్లులో 2 / 3. ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్ (మైక్రోసాఫ్ట్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్) 2008 ఆర్2 వెర్షన్ నుంచి గ్రూపు (ఇక్కడ ఒక్కో ఇన్వాయిసు) మారినప్పుడల్లా పేజీ నంబరును 1కి తేవచ్చు, అప్పుడు మొత్తం కూడా ఆ గ్రూపుదే వస్తుంది. ఆడిట్ వాళ్లు అడగాల్సింది ఇది!

కోడుకూలీ:
సరే, ఇన్వాయిసులకు అలాగే వేస్తాను. లక్ష లైన్ల లెడ్జరుకు మాత్రం ‘ముగిసింది’ లైనే.

పాతకాపు:
వేయండి. అదొక్కటే కొత్త పేజీ మీదికి జారిపోకుండా చూసుకోండి. ఖాళీ కాగితం అనుకుని చింపి పారేస్తారు.