"ఉజో తెబే": గొణుక్కునే బెదిరింపుకి తెలుగు మాట కావాలి

అందరికీ నమస్కారం. పది రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, సాయం పట్టండి.

రష్యన్ కవి పుష్కిన్ 'కంచు రౌతు' కావ్యాన్ని అరగంట రేడియో నాటకంగా రాస్తున్నాను. కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1824 నవంబరులో నేవా నది పొంగి పీటర్స్‌బర్గ్‌ని ముంచేసింది. యెవ్గేనీ అనే చిరుద్యోగి పెళ్లాడాలనుకున్న పరాషా, ఆమె తల్లి, వాళ్ల పాత ఇల్లు ఆ వరదలో కొట్టుకుపోతాయి. వాడికి మతి చలిస్తుంది. ఏడాది తిరిగాక ఓ రాత్రి, గుర్రమెక్కిన పీటర్ చక్రవర్తి విగ్రహం ముందు తేలతాడు. సముద్రం అంచున, చిత్తడి నేలలో ఈ ఊరు కట్టించింది ఆయనే కదా. పళ్లు బిగబట్టి, వణుకుతూ ఆ విగ్రహాన్ని ఓ మాట అంటాడు. అన్నాడో లేదో, రాజు ముఖం మెల్లగా తనవైపు తిరిగినట్టనిపించి పరుగు లంకించుకుంటాడు. ఇక తెల్లవార్లూ వెనకాల డెక్కల మోత.

వాడన్న మాట ఇదీ: "దబ్రో, స్త్రయీతెల్ చుదత్వోర్నీ! ఉజో తెబే!"

మొదటి సగం నాకు దొరికింది. 'దబ్రో' అంటే మంచిది, సరే అని. ఇక్కడ మాత్రం మనం పళ్లు నూరుతూ "కానీ, కానీ" అంటామే, అది. తర్వాతి రెండు మాటలకి అర్థం అద్భుతాలు చేసే నిర్మాత. అలాగే దింపితే ప్రారంభోత్సవంలో చదివే సన్మానపత్రంలా ఉంది. "కానీ మహానుభావా, కానీ!" అని రాసుకున్నాను. 'మహానుభావా'లో వెటకారం మనకి ఎలాగూ ఉంది.

చిక్కంతా 'ఉజో తెబే' దగ్గరే. ఉజో అంటే వాడుకభాషలో 'కాస్త ఆగి, తర్వాత'. తెబే అంటే 'నీకు'. క్రియ లేదు. ఏం చేస్తాడో వాడికే తెలియదు, చేయగలిగిందీ ఏమీ లేదు. నేను "నీ అంతు చూస్తా" అని రాస్తే మా నటుడు సినిమా విలన్‌లా చదివాడు. "ఖబడ్దార్" అంటే పద్యనాటకం అయిపోయింది. పుష్కిన్ మాత్రం వాడు గుసగుసగా అన్నాడని రాశాడు. రంగస్థలం మీద గుసగుస వెనక వరసకి వినపడదు గానీ, మైకు ముందు అదే బలం. కావ్యం మొత్తంలో వాడు బయటికి పలికేది దాదాపు ఈ ఒక్క మాటే, మిగతాదంతా కవి గొంతు. ఇది తేలిపోతే నా నాటకంలో నాయకుడే లేడు.

అచ్చులో కూడా ఈ మాటకి కష్టాలే. 1833 శరత్కాలంలో బోల్దినో పల్లెలో రాసిన ఈ కావ్యాన్ని మొదటి నికొలాయ్ చక్రవర్తి స్వయంగా చదివి గుర్తులు పెట్టి తిప్పి పంపాడు. పుష్కిన్ బతికుండగా ముందుమాట లాంటి తొలి భాగం మాత్రమే 1834లో బయటికొచ్చింది. ఆయన పోయాక 1837లో కవిమిత్రుడు జుకోవ్‌స్కీ సరిదిద్ది వేసిన పాఠంలో ఈ బెదిరింపు లేదు.

*

వరంగల్ నుంచి:
అన్నా, మా దగ్గర "ఆగు, నీ సంగతి జెప్త" అంటం. కోపం ఉంటది, చేసేదేం ఉండది. సరిపోదా?

అసలు పోస్టు రాసినవారు:
దగ్గరకొచ్చింది తమ్ముడూ. కానీ 'చెప్త'లో ఒక మాట ఇచ్చేసినట్టుంది. వాడికి అంత ధైర్యం కూడా లేదు.

*

రాజమండ్రి నుంచి, రిటైరైన తెలుగు మేష్టారు:
నాయనా, మాట సంగతి తర్వాత. గుమాస్తా రాజుని 'నువ్వు' అంటే వినేవాళ్లకి ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని భయపడకు. రష్యన్‌లో ఏకవచనమే కదా. మనకి దేవుడూ 'నువ్వే'. రామదాసు "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు" అని రాముణ్ణే నిలదీశాడు. మళ్లీ ఆ కీర్తనలోనే దెబ్బలకి ఓర్వలేక తిట్టానయ్యా అని బతిమాలుకున్నాడు. మీ యెవ్గేనీ కూడా ఆ రాత్రి తర్వాత ఆ చౌకు దాటేటప్పుడల్లా గుండె మీద చెయ్యి పెట్టుకుని, టోపీ తీసి, తల వంచుకుని పక్కకి తప్పుకుంటాడు కదా. ఒకటే తేడా, రామదాసుకి పలికినవాడు రాముడు.

అసలు పోస్టు రాసినవారు:
మేష్టారూ, బాగా గుర్తుచేశారు. దీంతో ఇంకో చిక్కు బయటపడింది. పుష్కిన్ ఆ విగ్రహాన్ని 'కుమీర్' అంటాడు. పూజించే బొమ్మ అనే ఛాయ ఉన్న మాట. దాన్ని చక్రవర్తి ఒప్పుకోలేదని తన డైరీలో రాసుకున్నాడు. మనకేమో గుళ్లోదీ విగ్రహమే, నాలుగురోడ్ల కూడలిలోదీ విగ్రహమే. ఒక రాజుకి కోపం తెప్పించిన మాట తెలుగులో ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండదు! 'వేలుపు' అందామా అంటే మరీ భక్తి ఎక్కువైపోతోంది.

*

కర్నూలు నుంచి:
పేరు మీద ఒక సందేహం. రష్యన్‌లో కావ్యం పేరు 'మేద్నీ వ్సాద్నిక్'. 'మేద్నీ' అంటే రాగి కదా, కంచు ఎందుకయింది?

అసలు పోస్టు రాసినవారు:
మాట రాగే. ఫాల్కొనే అనే ఫ్రెంచి శిల్పి పోతపోయించగా, 1782లో ఆవిష్కరించిన ఆ విగ్రహం కంచుది. పుష్కినే ఒకచోట కంచు గుర్రం అని కూడా అంటాడు. నా కారణం వేరు, రాగి మోగదు. "కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా" అని వేమన చదివిన చెవికి కంచు అనగానే మోత వినపడుతుంది. డెక్కల చప్పుడుకి పుష్కిన్ వాడిన విశేషణం కూడా 'బరువుగా మోగే' అని. కొబ్బరి చిప్పలు పనికిరాలేదు, జట్కాబండి వస్తున్నట్టుంది. బోర్లించిన ఇత్తడి గుండిగ మీద రోకలితో కొట్టి, ఆ రికార్డింగుని నెమ్మది చేస్తే కాస్త కుదిరింది. అన్నట్టు, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు. ఈయన గట్టి రౌతు, గుర్రం రెండు కాళ్ల మీదే లేచి నిలబడింది.

*

ఏలూరు నుంచి:
ఇంత చర్చ దేనికండీ? నలుగురిలో పిల్లాడు అల్లరి చేస్తే ఏమంటాం? కొట్టలేం, అరవలేం. పళ్ల బిగువున "ఇంటికి పద, నీకుంది" అంటాం. ఏముందో చెప్పం.

అసలు పోస్టు రాసినవారు:
అక్కా! తెబే అంటే 'నీకు'. అచ్చంగా అదే విభక్తి! "ఉండు... నీకుంది." తల్లి పిల్లాణ్ణి అనే మాట ఒక పిచ్చివాడు చక్రవర్తిని అంటాడు. పాపం, వాడికి పదమనడానికి ఇల్లే లేదు. ఇప్పుడే మా నటుడికి ఫోన్లో చదివి వినిపించాను. చివరి 'ది' మింగేసి "ఉండు... నీకుం" దగ్గర ఆపేస్తానంటున్నాడు. రాజు ముఖం తిరిగేది ఆ క్షణంలోనే కాబట్టి.

ఏలూరు నుంచి:
మింగొద్దనండి. రేడియోలో అక్షరం పోతే లైను కట్ అయిందనుకుంటారు. 'ది' పలికాక గాలి చప్పుడు ఆపేయండి చాలు.