గాలానికి సీసం గుండ్లు: వాడుదామా, మానేద్దామా?

కాలవగట్టు (రాజమండ్రి)

ఆదివారం మా వాణ్ణి తీసుకుని కాలవకి వెళ్లాను. ఎనిమిదేళ్లు వాడికి. చిన్న సీసం గుండు తీసి, చీలికలో తంగూసు పెట్టి, పళ్లతో కటుక్కున నొక్కేశాడు. ఎవరు నేర్పార్రా అంటే, "నువ్వూ అంతేగా నాన్నా" అన్నాడు. నిజమే, ముప్ఫయ్యేళ్లుగా నేను చేస్తున్నది అదే. మా నాన్నయితే పాత బ్యాటరీ సీసం గరిటెలో కరిగించి, తడి ఇసుకలో వేలితో గుంట చేసి పోసేవారు. ఆ పొగంతా మేమే పీల్చాం.

ఆ రోజు నుంచి మనసు మనసులో లేదు. సీసం విషం కదా, మానేద్దామనుకుంటున్నాను. మరి బెండు నిలబడాలంటే ఏం కట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

విసురువల (అవనిగడ్డ)

పిల్లాడి నోట్లో సీసం పెట్టనివ్వకు అన్నా, అందులో రెండో మాట లేదు. నువ్వు కూడా ప్లయర్ కొనుక్కో. కానీ సీసమే మానెయ్యాలంటే ఒప్పుకోను. నా వల అంచుకు నాలుగు కిలోల సీసం గుళ్లున్నాయి. ఇనుము కడితే తుప్పు పట్టి వల కొరికేస్తుంది. రాయి కడితే పారే నీళ్లలో వల విచ్చుకోకముందే కొట్టుకుపోతుంది. అంత చిన్నగా, అంత బరువుగా, అంత చౌకగా ఇంకేముంది? టంగ్‌స్టన్ అనే బరువు లోహం ఉందంటారు, వలంతా దాంతో కట్టాలంటే పడవ అమ్ముకోవాలి. ఆదివారం సరదాకి వచ్చేవాళ్లు వద్దన్నంత తేలిక కాదు మాకు.

థేమ్స్‌ఒడ్డు (రెడింగ్, ఇంగ్లండు)

నేనుండే చోట ఈ గొడవ ఎప్పుడో తేలిపోయింది. 1987 జనవరి 1 నుంచి ఇక్కడ గాలానికి వాడే సీసం గుండ్లు, 0.06 గ్రాముల పైనుంచి 28.35 గ్రాముల దాకా, అమ్మడానికి వీల్లేదు. కారణం హంసలు. పక్షికి పళ్లుండవు, మేత నలగడానికి చిన్న రాళ్లు మింగి కందనకాయలో దాచుకుంటుంది. తెగిపోయిన గాలాల గుండ్లు కూడా రాళ్లనుకుని మింగేవి. సీసం మెత్తన, ఆ రాళ్ల మధ్య అరిగి రక్తంలోకి పోతుంది. మెడ నిలబెట్టలేక, తిన్నది కిందికి దిగక చచ్చిపోయేవి. చట్టం వచ్చాక థేమ్స్‌లో హంసలు మళ్లీ పెరిగాయి.

మనకు హంసల్లేకపోతేనేం, బాతులున్నాయి. కోతలయ్యాక గోదావరి జిల్లాల చేలల్లో, కాలవల్లో మేసే బాతుల మందలు అందరం చూసినవే. బురదలో ముక్కు పెట్టి జల్లెడ పట్టినట్టు వెతుకుతాయి.

విసురువల అన్నా, మీ మాటలో నాకు నచ్చిందొకటి ఉంది. మీ వల సీసం మీతోపాటే ఇంటికొస్తుంది. మా గాలం రాయికి తగులుకుని తెగితే గుండు అడుగునే ఉంటుంది. అందుకే నా పట్టుదల చిన్న గుండ్ల మీదే, మీ వల మీద కాదు.

చెరువుకట్ట (సిద్దిపేట)

కాలవగట్టు తమ్మీ, నువ్వడిగిన దానికి జవాబు ఇది. నేను ఆరేండ్ల నుంచి సీసం ముట్టలేదు.

అడుగున మేసే మోసు, బంగారు తీగ కావాలంటే ఇనుప నట్టు కట్టు. 8 ఎంఎం బోల్టుకు ఎక్కే నట్టు 5 గ్రాములుంటది. మెయిన్ తంగూసుకు నేరుగా కట్టకు, మరలు దాన్ని కోస్తయి. దానికన్నా సన్నటి తంగూసు జానెడు ముక్కతో వేలాడదియ్యి. రాళ్లల్ల ఇరుక్కుంటే ఆ ముక్కే తెగుతది, చేప, గాలం నీ చేతికొస్తయి. పోయిన నట్టు తుప్పు పట్టి మట్టిల కలుస్తది.

బెండుకు నట్టు బరువెక్కువ. జీలుగు బెండు కాడకు అడుగున పాత కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు దగ్గరదగ్గరగా చుట్టు. బకెట్ నీళ్లల్ల వేసి చూడు. పడుకుంటే రెండు చుట్లు పెంచు, మునిగితే ఒకటి విప్పు. గోరంత పైకి కనబడి నిటారుగా నిలబడితే చాలు. పైన దారం చుట్టి నెయిల్ పాలిష్ పూత వెయ్యి, రెండేండ్లు కదలదు. ఎర మెల్లగా దిగుతది. రవ్వ, బొచ్చె నడిమి నీళ్లల్ల, పైనీళ్లల్ల తిరుగుతయి కాబట్టి వాటికి అదే మంచిది. గాలి గట్టిగ కొడితే మాత్రం బెండు ఒడ్డుకు కొట్టుకొస్తది, ఆ ఇబ్బందికి నాకింకా మందు దొరకలే.

ఇంట్ల ఉన్న సీసం కరిగించకు. బ్యాటరీ స్క్రాప్ కొనేటోళ్లకు ఇచ్చెయ్.

విసురువల

వల సంగతి నేను మార్చుకోను. గాలం తంగూసుకు నట్టు మాత్రం రేపు కట్టి చూస్తా.

కాలవగట్టు

చెరువుకట్ట అన్నా, రాత్రి చేశాం. పోగు మా వాడే చుట్టాడు. పద్నాలుగు చుట్లకి పడుకుంది, పద్దెనిమిదికి మునిగింది, పదహారుకి నిలబడింది. బకెట్ దగ్గర్నుంచి లేవనంటాడు. పాత సీసం డబ్బా అటక మీద వాడికి అందని చోట పెట్టాను, సోమవారం ఇచ్చేస్తాను. మింగిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దలకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందని డాక్టరు గారు చెప్పారు. వాడికి రక్తపరీక్ష కూడా రాయించుకున్నాను.